వకీలుగారి నిధి

ఈనాడు ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న కుర్రవాడు పరిశోధన చేయాలనుకుంటే గేట్ పరీక్ష వ్రాసి, పెద్ద సంస్థలో పిహెచ్.డి.కి చేరి, నెలనెలా కొంత వేతనం అందుకుంటూ నాలుగైదేండ్లు ప్రయోగశాలలో గడపవచ్చు. ఆ వేతనం ఎప్పుడైనా ఆలస్యమైతే విసుక్కుంటాడు గాని, అసలది తనకెందుకు రావాలి అని ఆలోచించడు. చదువు ముగిసినవానికి, ఉద్యోగం చేయనివానికి, ఇంకా ఏమి కనుగొంటాడో తెలియనివానికి నెలకింత అని డబ్బివ్వడం లోకంలో వింత విషయమే. మన దేశంలో ఈ వింతను ఒక పద్ధతిగా నిలబెట్టినవారిలో ముందు చెప్పవలసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, ఇంజనీరూ కాడు. ఒక వకీలు. తాను చదివిన విశ్వవిద్యాలయానికే తన సంపాదన ధారపోసినవాడు. పేరు రాస్‌బిహారీ ఘోష్.

బడిలో రామన్ గురించి చెబుతాము, సాహా గురించి చెబుతాము, బోసు గురించి చెబుతాము. వారు పనిచేసిన గదికి అద్దె ఎవరు కట్టారు, ఆచార్యునికి జీతం ఏ పెట్టెలోనుంచి వచ్చింది, పక్కన కూర్చుని కొలతలు తీసిన శిష్యుడు ఏమి తిని బ్రతికాడు అన్నది చెప్పము. ఈ వ్యాసం ఆ లోటును కొంత పూడ్చడానికే.

కలకత్తా విశ్వవిద్యాలయం 1857 జనవరిలో పుట్టింది. విశ్వవిద్యాలయమన్న మాటేగాని దానికి తరగతి గదులు లేవు, బోధించే ఆచార్యులు లేరు. కళాశాలలు పాఠాలు చెప్పేవి, విశ్వవిద్యాలయం ప్రశ్నపత్రాలు ముద్రించి, పరీక్షలు పెట్టి, పట్టాలు పంచేది. ఇట్లా సుమారు అర్ధశతాబ్దం గడిచింది. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ప్రభుత్వ పెత్తనాన్ని పెంచిందని ఆనాటి దేశాభిమానులు మండిపడ్డారు. అందులో నిజమున్నది. కాని అదే చట్టంలో, విశ్వవిద్యాలయాలు స్వయంగా ఆచార్యులను నియమించి బోధన, పరిశోధన సాగించవచ్చునన్న వీలు కూడా ఉన్నది. వీలైతే ఇచ్చారు గాని దానికి కావలసిన డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఆ వీలును పట్టుకున్నవాడు ఆశుతోష్ ముఖర్జీ. హైకోర్టు న్యాయమూర్తి, గణితంలో మంచి పరిశోధకుడు, 1906 నుండి 1914 వరకు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. ఆయన యౌవనంలో న్యాయవాద వృత్తి నేర్చుకున్నది రాస్‌బిహారీ ఘోష్ వద్దనే. ఈ గురుశిష్య సంబంధం తరువాత ఎంత పని చేసిందో మనం ఊహించుకోవచ్చు.

రాస్‌బిహారీ 1845 డిసెంబరులో బర్ద్వాన్ జిల్లాలోని తొర్‌కొణా గ్రామంలో జన్మించారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి ఇంగ్లీషులో ఎం.ఏ. ప్రథమశ్రేణిలో నెగ్గారు. తరువాత న్యాయశాస్త్రం. 1875-76లో టాగూర్ న్యాయోపన్యాసకులుగా ఎన్నికై, తాకట్టు చట్టం మీద ఇచ్చిన ఉపన్యాసాలు గ్రంథంగా వెలువడి, వకీళ్లందరి బల్లలమీదికీ చేరినవి. 1884లో అదే విశ్వవిద్యాలయం ఆయనకు న్యాయశాస్త్రంలో డాక్టరు పట్టా ఇచ్చింది. హైకోర్టులో ఆయన సంపాదన అపారం. రాజకీయాలలో మితవాది. 1907లో సూరత్ కాంగ్రెసులో కుర్చీలు విరిగి, చెప్పులు ఎగిరి, సభ రెండు ముక్కలైన సంగతి చరిత్ర పుస్తకాలలో చదివే ఉంటారు. ఆ సభకు అధ్యక్షుడు ఈయనే. మరుసటేడు మద్రాసు కాంగ్రెసుకూ ఆయనే అధ్యక్షత వహించారు.

ఇప్పుడు అసలు కథకు ముందు చిన్న చిక్కు ఒకటి చెప్పాలి. 1905లో వంగ విభజన జరిగింది. స్వదేశీ ఉద్యమం లేచింది. ప్రభుత్వపు చదువులను బహిష్కరించి మన చదువులు మనమే చెప్పుకుందామని 1906లో జాతీయ విద్యామండలి ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షులు రాస్‌బిహారీ ఘోష్. అదే ఏడు తారకనాథ పాలిత్ అనే బారిష్టరు, జాతీయ విద్య అంటే ముందు చేతిపని, యంత్రవిద్య, పరిశ్రమలు అని పట్టుబట్టి, బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అనే వేరొక సంస్థకు ప్రాణం పోశారు. ఒకరు సర్వవిద్యలూ కావాలన్నారు, మరొకరు ముందు కొలిమి, లేతు కావాలన్నారు. 1910లో రెండు సంస్థలూ కలిసిపోయినవి.

అట్లా విశ్వవిద్యాలయానికి పోటీగా సంస్థలు పెట్టిన ఈ ఇద్దరే కొద్ది సంవత్సరాలలో విశ్వవిద్యాలయానికే లక్షలు ఇచ్చారు. 1912లో పాలిత్ భూమి, భవనాలు, రొక్కం కలిపి దాదాపు 15 లక్షలు వ్రాసి ఇచ్చారు. 1913లో ఘోష్ 10 లక్షలు ఇచ్చారు. ఆనాడు కొందరు దీనిని ద్రోహమని అనుకొని ఉండవచ్చు. నాకు మాత్రం ఇది వకీలు చేసే లెక్కగా కనబడుతుంది. పట్టాకు విలువ ఉన్నచోటికే తెలివైన విద్యార్థి పోతాడు. బయట కొత్త ఇల్లు కట్టడం ఒక దారి, పాత ఇంటిలో ఒక గది సంపాదించి దాని తాళం మనవారి చేతిలో పెట్టడం మరొక దారి. ఘోష్ మొదటి దారినీ వదలలేదు. విద్యామండలి అధ్యక్షత చివరివరకూ ఆయనదే. తన ఆస్తిలో పెద్దభాగం దానికే వ్రాసిపోయారు. ఆ ధనంతో నిలదొక్కుకున్న సంస్థే తరువాత జాదవ్‌పూర్ ఇంజనీరింగు కళాశాల అయి, 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైంది.

1913 నాటి దానపత్రం చూడవలసిన వస్తువు. పది లక్షలు ఇచ్చి ఊరుకున్నవాడు కాదు ఘోష్. తాకట్టు చట్టం వ్రాసిన చేయి గదా! ఆ డబ్బు ఖర్చు కారాదు, దానిమీద వచ్చే ఆదాయమే ఖర్చు కావాలి. ఆ ఆదాయంతో నాలుగు ఆచార్యపీఠాలు: అనువర్తిత గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వ్యవసాయానికి పనికివచ్చే దృష్టితో వృక్షశాస్త్రం. ఇంతవరకు ఏ దాతకైనా తోచేదే. ఆయనకు తోచిన విశేషం ఆ తరువాతిది. ఒక్కొక్క ఆచార్యునికి ఇద్దరు చొప్పున ఎనిమిదిమంది పరిశోధక విద్యార్థులకు వేతనాలు ఏర్పాటు చేశారు. వారు పట్టభద్రులై ఉండాలి, ఆచార్యుని పర్యవేక్షణలో పరిశోధన చేయాలి.

ఈ షరతు ఎందుకు ముఖ్యమో కొంచెం ఆలోచించండి. ఆనాడు ఎం.ఎస్‌సి.లో మొదటివాడుగా వచ్చిన కుర్రవాని ముందు ఏమున్నది? డిప్యూటీ మేజిస్ట్రేటు ఉద్యోగానికి పోటీ పడవచ్చు. బి.ఎల్. చదివి వకీలు కావచ్చు. ఏదైనా కళాశాలలో పాఠాలు చెప్పుకోవచ్చు. పరిశోధనకై ఉన్న వేతనాలు వ్రేళ్లమీద లెక్కించదగినవి. బొంబాయి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ 1866లో ఇచ్చిన రెండు లక్షలతో ఏర్పడిన ప్రసిద్ధమైన వేతనం ఒకటి ఉన్నది. అది మహా మేధావికి మెడలో వేసే పతకంవంటిది. ఒంటరిగా ఒక్కనికి దక్కేది. ఘోష్ ఏర్పాటు అటువంటిది కాదు. ఆచార్యుని ప్రక్కనే ఇద్దరు శిష్యులు ఎల్లప్పుడూ ఉండాలన్నది దాని భావం. ఒకరు పోతే మరొకరు వస్తారు. పతకానికీ, పంపుకాలువకూ ఉన్న తేడా ఇది.

ఈ ఏర్పాటు ఎంత సన్నని ఆధారం మీద నిలిచిందో లెక్క వేసి చూడవచ్చు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చిన్న లెక్కగా ఇవ్వవచ్చును. పది లక్షలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ కడితే సంవత్సరానికి 35,000 రూపాయలు. అంటే నెలకు మూడువేలకు లోపే. అందులో నలుగురు ఆచార్యులు, ఎనిమిదిమంది శిష్యులు బ్రతకాలి. యంత్రాలకు, గాజుసామానుకు, పుస్తకాలకు ఏమి మిగులుతుంది?

దానపత్రాలలో మరొక షరతు ఉన్నది. పాలిత్, ఘోష్ ఇద్దరూ దానిని పెట్టారు. ఈ పీఠాలలో కూర్చునేవారు భారతీయులే అయి ఉండాలి. ఈనాడు ఇది సంకుచితంగా తోచవచ్చు. కాని ఆనాటి సంగతి తెలిస్తే అట్లా అనిపించదు. జగదీశ్ చంద్ర బోసు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరినప్పుడు అదే పని చేసే ఆంగ్లేయునికన్న తక్కువ జీతం ఇవ్వజూపారు. ఆయన మూడేండ్లు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పారు. ఎడింబరోలో డాక్టరు పట్టా పొందివచ్చిన ప్రఫుల్ల చంద్ర రాయ్‌కి 1889లో దొరికింది నెలకు 250 రూపాయల ఉద్యోగం. పై అంతస్తు ఉద్యోగాలు సీమవారివి, కింది అంతస్తువి మనవారివి. ఎనిమిదిమంది శిష్యులకు వేతనం ఇచ్చినా, వారెన్నడూ ఎక్కలేని మెట్టు మీద గురువును కూర్చోబెడితే ప్రయోజనమేమి? శిష్యుడు తలెత్తి చూసినప్పుడు తాను చేరగల చోటు కనబడాలి. దానపత్రంలో వ్రాయకపోయినా షరతు వెనుక ఉన్న ఊహ అదేనని నా నమ్మకం.

1914 మార్చి 27న, తన పదవీకాలం ముగియడానికి కొద్దిరోజుల ముందు, ఆశుతోష్ ముఖర్జీ అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని పాలిత్ గారి తోటలో సైన్సు కళాశాలకు పునాదిరాయి వేశారు. ఆ రోడ్డుకు తరువాత ప్రఫుల్ల చంద్ర రాయ్ పేరు పెట్టారు.

ఘోష్ భౌతికశాస్త్ర పీఠానికి జగదీశ్ బోసు మేనల్లుడు దేవేంద్ర మోహన్ బోసును ఎన్నుకున్నారు. కళాశాల గోడలు లేచేలోగా విదేశంలో కొత్త పద్ధతులు నేర్చుకుని రమ్మని ఘోష్ పేరిటి ప్రయాణవేతనంతో ఆయనను జర్మనీ పంపారు. ఆయన బెర్లినులో రేగెనర్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరిన కొద్దికాలానికే యుద్ధం వచ్చిపడింది. బ్రిటిషు ప్రజ జర్మనీలో శత్రువు. ఇంటికి రావడానికి దారి మూసుకుపోయింది. అయినా చేతులు ముడుచుకు కూర్చోలేదు. క్లౌడ్ చాంబర్ అనే పరికరం తయారుచేశారు. గాజు పాత్రలో తడిగాలి నింపి దానిని హఠాత్తుగా వ్యాకోచింపజేస్తే చల్లబడుతుంది. అప్పుడు దానిలోనుంచి ఆల్ఫా కణం దూసుకుపోతే, అది పోయిన దారివెంట సన్నని నీటిబిందువులు ఏర్పడి గీతవలె కనబడతాయి. కంటికి కనబడని కణం తన అడుగుజాడలు తానే గీసి చూపుతుందన్నమాట. హైడ్రోజన్ వాయువులో ఆల్ఫా కణం తాకిడికి ఎగిరిపడిన ప్రోటానుల జాడలను బోసు ఛాయాచిత్రాలు తీశారు. ఐదేండ్ల తరువాత, 1919లో, డాక్టరు పట్టాతో ఆయన కలకత్తా చేరారు. వృక్షశాస్త్ర పీఠానికి ఎన్నికైన శంకర్ పురుషోత్తమ్ అఘర్కర్ సంగతీ ఇంచుమించు ఇంతే. ఆయనా యుద్ధకాలమంతా జర్మనీలోనే గడిపారు.

ఇక్కడ కలకత్తాలో ఏమయింది? 1916లో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. తరగతులు తెరవవలసి వచ్చింది. ఘోష్ ఆచార్యుడు బెర్లినులో చిక్కుకున్నాడు. పాలిత్ ఆచార్యుడుగా పిలిచిన చంద్రశేఖర వెంకటరామన్ ఇంకా అకౌంట్స్ శాఖ ఉద్యోగంలోనే ఉన్నారు. పీఠాలున్నవి, కూర్చునేవారు లేరు. అప్పుడు ఆశుతోష్ చిన్న వయసు కుర్రవాళ్లను పిలిచి పాఠాలు చెప్పమన్నారు. వారిలో సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా, శిశిర్ కుమార్ మిత్ర ఉన్నారు. మొదటి ఇద్దరూ చదివినది గణితం. అనువర్తిత గణితానికి ఘోష్ ఆచార్యుడుగా వచ్చిన గణేశ్ ప్రసాద్‌తో వారికి పొసగలేదు. ఆయన మహా పండితుడే గాని విద్యార్థులతో బహు కఠినుడు. అందువల్ల భౌతికశాస్త్రానికి మారారు. అంటే తాము చదవని శాస్త్రాన్ని తామే చదువుకుంటూ బోధించవలసి వచ్చింది. కొత్త భౌతికశాస్త్రపు పుస్తకాలు జర్మన్ భాషలో ఉన్నవి, యుద్ధం మూలాన రావు. శివపురం ఇంజనీరింగు కళాశాలలో బ్రూల్ అనే ఆచార్యుని వద్ద మంచి జర్మన్ గ్రంథాలున్నాయని తెలిసి, వాటిని అరువు తెచ్చుకుని, భాష నేర్చుకుని చదివారు. ఆ చదువు ఫలమే ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీల సాపేక్షసిద్ధాంత పత్రాలకు సాహా, బోసులు చేసిన ఇంగ్లీషు అనువాదం. దానిని 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

దాతలు అనుకున్నది ఒకటి, జరిగినది ఒకటి. గురువును ముందు నిలిపి, అతని వెనుక శిష్యుని నడిపిద్దామనుకున్నారు. గురువు రాకముందే శిష్యులు నడవడం మొదలుపెట్టారు. కాని వారు నడవడానికి దారి ఒకటి వేసి ఉన్నదన్నది మరువరాదు.

రామన్ సంగతిలో మరొక మెలిక ఉన్నది. పాలిత్ దానపత్రం ప్రకారం ఆచార్యుడు విదేశంలో శిక్షణ పొంది రావాలి. రామన్ పోనన్నారు. నేర్చుకోవడానికి సీమకు పోనవసరం లేదన్నది ఆయన పట్టుదల. ఆశుతోష్ ఆ షరతును సడలింపజేశారు. 1917లో రామన్ పెద్ద జీతపు సర్కారు ఉద్యోగం వదలి దాదాపు సగం జీతానికి ఆచార్యుడుగా వచ్చారు. ఈ రామన్ బాల్యం గడిచింది మన విశాఖపట్నంలోనే. తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకులు. కలకత్తా నిధుల నీరు మళ్లీ మన ప్రాంతానికి ప్రవహించిన సంగతి కూడా చెప్పుకోవాలి. 1928లో సూరి భగవంతం కలకత్తా వెళ్లి, రామన్ శిష్యులై, ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో పనిచేశారు. 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి అక్కడ భౌతికశాస్త్ర పరిశోధనకు అంకురార్పణ చేసినవారిలో ఒకరైనారు. ఆ విశ్వకళాపరిషత్తులో సైన్సు, టెక్నాలజీ కళాశాల లేచింది కూడా ఒక దాత చలవవల్లనే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు దానికి అందుకే పెట్టారు. అయితే ఆయన రాజు, ఘోష్ పూర్వవిద్యార్థి. ప్రజలకు రాజు ఇవ్వడం మన కథలన్నిటిలో ఉన్నదే. చదివినవాడు తన బడికి తిరిగి ఇవ్వడమన్నది ఆనాటికి కొత్త.

యుద్ధం మరొక పాఠం నేర్పింది. ఓడలు ఆగిపోయేసరికి రంగులు, మందులు, రసాయనాలు, యంత్రభాగాలు దేశంలో దొరకడం కష్టమైంది. మనకు శాస్త్రం చెప్పేవారు కొందరున్నా, దానిని కార్ఖానాకు చేర్చేవారు లేరన్నది తేటతెల్లమైంది. 1919లో ఘోష్ రెండవసారి కలం పట్టారు. ఈసారి దానం సుమారు 11 లక్షల 43 వేల రూపాయలు. అంతా సాంకేతిక విద్యకు, సాంకేతిక పరిశోధనకు. అనువర్తిత భౌతికశాస్త్రం, అనువర్తిత రసాయనశాస్త్రం అని రెండు కొత్త పీఠాలు ఏర్పడినవి. మొదటిదానికి ఫణీంద్రనాథ్ ఘోష్, రెండవదానికి హేమేంద్ర కుమార్ సేన్ ఆచార్యులైనారు. విదేశాలకు పరిశోధకులను పంపే ప్రయాణవేతనాలకు మరొక రెండున్నర లక్షలు కేటాయించారు. 1921 ఫిబ్రవరి 28న ఆయన కన్నుమూశారు.

ఇంతవరకు చదివి, అంతా సుఖంగా సాగిపోయిందనుకోకండి. ఈ దానాలలో పెద్ద లోపమొకటి ఉన్నది. అవి మనుష్యులకు జీతాలిచ్చినవి గాని ప్రయోగశాలను నడపడానికి చాలినంత ఇవ్వలేదు. ప్రయోగశాలలు విశ్వవిద్యాలయం తన సొంత నిధులతో కట్టుకోవాలని షరతు. ఆ సొంత నిధులంటే ముఖ్యంగా పరీక్షల రుసుము. మెట్రిక్యులేషన్ వ్రాసే పల్లెటూరి కుర్రవాడు కట్టిన డబ్బే ఇక్కడ బ్యాటరీగా, గాజుగొట్టంగా మారేదన్నమాట. ప్రభుత్వం నుండి ఆశించిన సాయం అందలేదు. 1922లో వంగ ప్రభుత్వం రెండున్నర లక్షలు ఇస్తామంటూ, దానితోపాటు విశ్వవిద్యాలయపు లెక్కలమీద, పనిమీద తన అదుపు బిగించే షరతులు పెట్టింది. రెండవసారి ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆశుతోష్ ఆ డబ్బు వద్దన్నారు, సెనేటు ఆయనతో నిలబడింది. అధ్యాపకులకు జీతాలందడమే కష్టంగా ఉన్న రోజులవి. ప్రభుత్వపు షరతును కాలదన్నగలిగిన ఆ విశ్వవిద్యాలయం ఘోష్ షరతులను శిరసావహించింది. రెండూ షరతులే. ఒకటి అదుపు తన చేతికి తీసుకునేది, రెండవది ఇచ్చినవాని చేతికే అందకుండా చేసేది. ఆ ఏడుకి ఘోష్ జీవించి లేరు.

ప్రఫుల్ల చంద్ర రాయ్ చేసినది కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన పాలిత్ రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1921లో అరవై ఏండ్లు నిండినప్పటినుండి తన జీతమంతా కళాశాలకే వదిలివేశారు. ఆ కళాశాలలోనే ఒక గదిలో కాపురం. నిధి చాలనిచోట నిధి తినవలసినవాడే తినకుండా ఊరుకున్నాడు.

ఘోష్ నిధిలో మరొక బలహీనత కాలం గడిచిన కొద్దీ బయటపడింది. అసలు కదలరాదు, ఆదాయం రూపాయలలో స్థిరం. రూపాయి కొనే వస్తువు మాత్రం ఏటేటా తగ్గుతుంది. 1913లో ఒక విద్యార్థిని పోషించిన వేతనం రెండవ ప్రపంచయుద్ధం నాటికి అతని భోజనానికి చాలి ఉండదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వమే పెద్ద ఎత్తున పరిశోధక వేతనాలు ఇవ్వడం మొదలుపెట్టింది గనుక సరిపోయింది.

అయినా ఆ పీఠాలలో ఒకటి చేసిన పని చూద్దాం. శిశిర్ కుమార్ మిత్ర, 1916లో పాఠాలు చెప్పడానికి పిలిచిన కుర్రవారిలో ఒకడు, రామన్ వద్ద కాంతిమీద పరిశోధించి 1919లో డి.ఎస్‌సి. పొంది ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ సోర్బాన్‌లో ఫాబ్రీ వద్ద మరొక డాక్టరు పట్టా తీసుకున్నాడు. తరువాత నాన్సీ నగరంలో గుట్టన్ అనే ఆచార్యుని వద్ద రేడియో వాల్వుల పని చూశాడు. అది చూసిన తరువాత అతనికి కాంతిమీద మనసు నిలవలేదు. 1923లో తిరిగివచ్చి ఎం.ఎస్‌సి.లో వైర్‌లెస్ విద్య చేర్చాలని ఆశుతోష్‌ను ఒప్పించాడు. 1935లో ఘోష్ భౌతికశాస్త్ర ఆచార్యుడైనాడు.

అతడు తీసుకున్న సమస్య ఇది. రేడియో తరంగం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా ఉన్నది. మరి సముద్రాలకు ఆవల పలికినది ఇక్కడ ఎట్లా వినబడుతుంది? సూర్యుని అతినీలలోహిత కిరణాలు పైవాతావరణంలోని అణువులనుండి ఎలక్ట్రానులను ఊడబెరుకుతాయి. ఆ ఎలక్ట్రానులున్న పొరలు రేడియో తరంగాలను అద్దంవలె క్రిందికి తిప్పుతాయి. ఈ ప్రదేశాన్ని అయనోస్ఫియర్ అంటారు. దాని ఎత్తు కొలవడానికి నిచ్చెన అక్కరలేదు. ఒక చిన్న రేడియో స్పందనను నిట్టనిలువుగా పైకి పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తే చాలు. తరంగ వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. నూరు కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరకు పోయిరావడం అంటే రెండువందల కిలోమీటర్లు. దానికి పట్టేది సెకనులో 1,500వ వంతు. ఇంత సూక్ష్మమైన కాలాన్ని కొలిచే సాధనాలను మిత్ర, అతని శిష్యులు కలకత్తాలో తామే కూర్చుకున్నారు. ఈ-పొర అని పిలిచే క్రింది పొర ఉనికిని 1930 ప్రాంతంలో ఇక్కడనుంచే కొలిచి చూపారు. 

1947లో మిత్ర వ్రాసిన పైవాతావరణ గ్రంథం వెలువడింది. దేశదేశాల శాస్త్రజ్ఞులు దానిని తమ బల్లమీద పెట్టుకున్నారు. తరువాత రష్యన్‌లోకి కూడా అనువదించారు. 1949లో అతని కృషితో రేడియో భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్సు కలిపి ఒక ప్రత్యేక సంస్థగా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. భౌతికశాస్త్ర పీఠం ఒకటి ఇంజనీరింగు శాఖను కన్నదన్నమాట. ఘోష్ 1913లో వ్రాసిన పత్రంలో రేడియో అన్న మాట ఉండే అవకాశమే లేదు. పాఠ్యాంశం ఇది అని బిగించకుండా ఆచార్యునికీ, శిష్యునికీ వదిలిపెట్టినందువల్ల ఇది సాధ్యమైంది. ఆ సంస్థలో తయారైన అశేష్ ప్రసాద్ మిత్ర అనే శిష్యుడు తరువాత దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయినాడు. నిధినుండి జీతం తీసుకున్న గురువు శిష్యుడు, ఆ జీతాలు పంచే మండలికే పెద్ద.

1950లో కలకత్తాకు ఉత్తరాన హరిణ్‌ఘాటాలో అయనోస్ఫియర్ పరిశీలన కేంద్రం వెలసింది. పగలూ రాత్రీ స్పందనలు పైకి పంపడం, ప్రతిధ్వనులు నమోదు చేయడం అక్కడి పని. రాత్రి వంతు సాధారణంగా పరిశోధక విద్యార్థులదే. 1955లో మిత్ర పదవీ విరమణ చేసేనాటికి ఇరవైయేండ్లు ఆయన పేరుకు వెనుక వ్రాసుకున్న హోదా ఒకటే: భౌతికశాస్త్రానికి రాస్‌బిహారీ ఘోష్ ఆచార్యుడు.